ఒకరికి ఆర్గానిక్, ఒకరికి మామూలు

మా చెల్లెలి కూతురు శాంతి హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. విశాఖపట్నంలో ఒక రెస్టారెంట్‌లో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు రాజమండ్రి వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉంది. వాళ్ళ రెస్టారెంట్‌లో ఆర్గానిక్ భోజనానికి వేరే మెనూ ఉందట.

"మావయ్యా, నువ్వు చివరి ఎనిమిదేళ్ళూ అదే పని చేశావు కదా. బయటికొచ్చి ఆర్గానిక్ అడిగేవాళ్ళు అసలు ఎందుకడుగుతారు?" అంది.

"ఆరోగ్యం కోసం" అని చెప్పబోయి ఆగిపోయాను. అది సగం నిజం కూడా కాదు. ఆ రోజు మిగతా సగం సరిగా చెప్పలేకపోయాను. ఏదో నాలుగు మాటలు చెప్పి బస్సెక్కించాను. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. శాంతికే కాదు, ఈ పనిలోకి వచ్చే ఎవరికైనా పనికొస్తుందేమో చూడండి.

నా పేరు దానియేలు. ముప్పై ఆరేళ్ళు హోటళ్ళలో పనిచేశాను. సర్వర్‌గా మొదలుపెట్టి కెప్టెన్‌గా దిగాను. కెప్టెన్ అంటే పేరు పెద్దదే గానీ, చేసేదల్లా టేబుల్ పక్కన నిలబడి "ఏం తీసుకుంటారండి?" అని అడగడం, చెప్పింది రాసుకోవడం. కానీ ఆ ఒక్క మాట అడిగి ఊరుకుంటే మనిషి తన గురించి చాలా చెప్పేస్తాడు. ఆకలి గురించి చెప్పేది అందులో కొంచెమే.

మొదట ఎవరు చెబితే వారిదే

నేను చివర పనిచేసిన హోటల్ యజమాని సుజాత గారు. భీమవరం దగ్గర వాళ్ళకి రొయ్యల చెరువులు ఉండేవి. అవి అన్నదమ్ములకి వదిలేసి రాజమండ్రిలో ఈ హోటల్ పెట్టారు. రెండు రకాల భోజనాలు ఉండేవి. ఒకటి మామూలుది. రెండోది ఆర్గానిక్: పురుగుమందులు కొట్టకుండా పండించిన దంపుడు బియ్యం, కొందరు రైతుల దగ్గర్నుంచి నేరుగా తెచ్చిన కూరగాయలు, గానుగ నూనె. రెండూ ఒకే హాల్లో వడ్డించేవాళ్ళం.

ఒకసారి ఒక ఆఫీసు వాళ్ళు తొమ్మిది మంది భోజనానికి వచ్చారు. పెద్దాయన కూర్చోగానే "నాకు ఆర్గానిక్ అండి, ఈమధ్య అదే తింటున్నాను" అన్నారు. ఇక వరసగా అందరూ ఆర్గానికే. చివరి కుర్చీలో కూర్చున్న అమ్మాయి మాత్రం పక్క టేబుల్ మీది చేపల పులుసు వైపు చూస్తోంది. ఆమె కూడా "ఆర్గానిక్" అనే అంది. నేను వెనక నుంచి వెళ్ళి నెమ్మదిగా అడిగాను.

"మీకు పులుసు తెమ్మంటారా అమ్మా?"

"వద్దులెండి. అందరూ ఒకటే చెప్పారు కదా" అంది.

ఆ తర్వాత మళ్ళీ అదే ఆఫీసు వాళ్ళు వచ్చినప్పుడు నేను ఆ చివర్నుంచి మొదలుపెట్టాను. ఆ అమ్మాయి పులుసు చెప్పింది. పక్కాయన వేపుడు చెప్పాడు. పెద్దాయన వంతు వచ్చేసరికి కాస్త తటపటాయించి ఆయన కూడా పులుసే చెప్పారు.

దాన్ని నేను నటన అనను. నలుగురిలో కూర్చున్నప్పుడు మనం ఏం తింటామనేది మన మాటలాంటిదే. నలుగురూ వినేలా మంచి మాట చెప్పాలని ఎవరికుండదు? అలాగే ఆర్గానిక్ భోజనం చేసి, ఆ వెంటనే రెండు ఐస్‌క్రీములు తెప్పించుకునేవాళ్ళు ఉంటారు. "మంచి తిండే తిన్నాం కదండీ, ఏం కాదులెండి" అంటారు. మొదట్లో వంటింట్లోకి వెళ్ళి నవ్వుకునేవాణ్ణి. తర్వాత మానేశాను. బుద్ధిగా ఉన్నందుకు ఎవరైనా మెచ్చుకోవాలని మనకీ ఉంటుంది. మెచ్చుకునేవాళ్ళు లేకపోతే మనల్ని మనమే మెచ్చుకుంటాం.

ఇంట్లో ఎప్పుడూ తినకుండా, బయటికొచ్చినప్పుడు మాత్రం ఆర్గానిక్ అడిగేవాళ్ళే ఎక్కువ. ఇది నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక టీచరుగారు చెప్పారు. "ఇంట్లో రోజూ పరుగులేనండి. పొద్దున్నే బాక్సులు కట్టాలి, దొరికింది వండాలి. పిల్లలకి ఏం పెడుతున్నానో ఆలోచిస్తే భయమేస్తుంది. వారానికోపూట ఇక్కడ పెడితే కాస్త మనసు తేలిక పడుతుంది." ఆమె కొనుక్కుంటున్నది భోజనం ఒక్కటే కాదు. దాంతో పాటు వారం రోజుల భయానికి ఒక పూట సెలవు.

పత్రం చూడరు, ముఖం చూస్తారు

బజారులో బెండకాయ కొనేటప్పుడు కొన విరిచి చూస్తాం. వంకాయ తిప్పి పుచ్చు ఉందేమో చూస్తాం. హోటల్లో ఆ వీలు లేదు. ఉడికిన అన్నం, వండిన కూర కంచంలోకి వచ్చేస్తాయి. మందు కొట్టారో లేదో నాలుక చెప్పలేదు, కన్ను చెప్పలేదు. అందుకే అడుగుతారు, "నిజంగా ఆర్గానికేనా అండి?" అని.

మొదట్లో నేను చాలా వివరంగా చెప్పేవాణ్ణి. ఏ ఊరి రైతులు, ఏ బియ్యం, ఏ నూనె అని. గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టిన ఆర్గానిక్ ధృవీకరణ పత్రాలు కూడా చూపించేవాణ్ణి. ఎవరూ అటు చూసేవారు కాదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖమే చూసేవారు. చివరికి "అయితే సరేనండి" అనేవారు. వాళ్ళకి కావలసింది నమ్మదగిన మనిషి ఒకడు. అది ఎంత బరువైన సంగతో నాకు ఆలస్యంగా తెలిసింది.

వీర్రాజు గారు, భూలక్ష్మి గారు

మూడు వారాలకోసారి బుధవారం మధ్యాహ్నం ఒక జంట వచ్చేవారు. ఆయన వీర్రాజు గారు, రామచంద్రపురం దగ్గర రైతు. ఆమె భూలక్ష్మి గారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరులో ఆసుపత్రి ఫైలు ఉండేది. ఆమె తల మీంచి పైట కప్పుకుని ఉండేవారు. జుట్టు రాలిపోయిందని తెలుస్తూనే ఉండేది. క్యాన్సర్‌కి కీమో చేయించుకుని, ఊరికి బస్సెక్కే ముందు మా దగ్గరికి వచ్చేవారు.

"ఆవిడకి ఆర్గానిక్ అండి. నాకు మామూలు" అనేవారాయన. ప్రతిసారీ ఇదే.

ఆర్గానిక్ ఖరీదు ఎక్కువ. మిగుల్చుకుంటున్నాడనుకున్నాను. మొదటిసారి వంటింట్లోకి వెళ్ళి "పిసినారి మనిషిలా ఉన్నాడు" అని కూడా అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. టేబుల్ దగ్గర నిలబడి మనుషుల్ని చదవడం వచ్చనుకునేవాళ్ళకి వచ్చే జబ్బు ఇది.

రెండోసారి నేనే చొరవ తీసుకున్నాను. "మీరూ అదే తీసుకోండి, ఇవాళ పొట్లకాయ పెరుగుపచ్చడి బాగుంది" అన్నాను.

"నాకెందుకండి. నాకు మామూలే" అన్నారు కంచం వైపు చూస్తూ.

మూడోసారి భూలక్ష్మి గారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆయనే నన్ను పిలిచారు. ఆ మాటలు ఎన్నాళ్ళు లోపల దాచుకున్నారో, ఒక్కసారిగా వచ్చేశాయి.

"ముప్పై ఏళ్ళు చేలో మందు కొట్టానండి. పంపు వీపుకి తగిలించుకుని తడిసిపోయి ఇంటికొచ్చేవోణ్ణి. ఆ బట్టలు ఉతికింది ఆవిడేనండి. గుళికలు చల్లిన చేలోకి అన్నం పట్టుకొచ్చింది ఆవిడే. నాకేం కాలేదు చూడండి. ఆవిడకొచ్చింది."

"డాక్టరుగారు అలా అన్నారా?"

"అడిగానండి. కారణాలు చాలా ఉంటాయి, ఇదీ అని చెప్పలేం అన్నారు. ఆయన చెప్పకపోతే నాకు తెలీదేంటండి?"

ఆయనే మళ్ళీ అన్నారు.

"మామూలు బియ్యం అంటే నాలాంటోడు పండించిందే కదండి. అది నేను తినాలి. ఆవిడకి మాత్రం పెట్టకూడదు."

అప్పుడర్థమైంది, ఆ మామూలు భోజనం ఆయన తనకి తాను వేసుకున్న శిక్ష. మా అమ్మ కూడా రామచంద్రపురం చేలల్లో వరి ఊడ్పులకి వెళ్ళినావిడే. మందు కలిసిన ఆ నీళ్ళలో దిగి, ఆ చేతుల్తోనే అన్నం తింది. ఆ సంగతి నాకెప్పుడూ తట్టనే లేదు. ఆ పూట మాత్రం ఆయన కంచంలో అన్నం వడ్డిస్తుంటే అమ్మ గుర్తొచ్చింది.

నేను ఆడిన అబద్ధం

ఆ ఏడాది కోతల సమయంలో వానలు పడ్డాయి. మాకు బియ్యం ఇచ్చే రైతుల పంట నీళ్ళలో పడి చేలోనే మొలకెత్తింది. ఉన్న బియ్యం అయిపోయింది. సుజాత గారు నన్ను పిలిచారు.

"దానియేలు గారూ, మనవాళ్ళ దగ్గర మళ్ళీ బియ్యం దొరికేసరికి రెండు నెలలైనా పట్టేలా ఉంది. మిల్లు నుంచి మామూలు దంపుడు బియ్యం తెప్పిస్తున్నాను. కూరగాయలు మనవే. అడిగినవాళ్ళకి నిజం చెప్పండి. అడగనివాళ్ళకి మనంతట మనం చెప్పొద్దు."

అది సగం నిజాయితీ. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ చెడ్డమనిషి కాదు. హోటల్ మూతపడుతుందని భయపడిన మనిషి. నేను కాదనలేదు. నాలుగైదు రోజుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజం చెప్పాను. "ఫర్వాలేదులెండి" అని తిన్నారు. అంతా సాఫీగానే గడిచిపోతుందనుకున్నాను.

వాళ్ళు వచ్చే బుధవారం వచ్చింది. భూలక్ష్మి గారు ఆ రోజు మెట్లు ఎక్కలేకపోయారు. ఆయన దాదాపు ఎత్తుకుని తీసుకొచ్చారు. రెండు రోజుల నుంచి ఏమీ తినలేదట. ఏది పెట్టినా వాంతే. నేను కూర్చోబెట్టి, అన్నంలో కాస్త పెరుగు కలిపి పెట్టించాను. ఆమె ముద్ద చేతిలోకి తీసుకున్నారు. అప్పటిదాకా ఎప్పుడూ అడగని మనిషి, ఆ రోజే అడిగారాయన.

"ఈ అన్నం మందు కొట్టందే కదండి?"

నా ముఖం వైపు చూస్తున్నారు. ఆమె ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"అవునండి" అన్నాను.

ఆమె తిన్నారు. నెమ్మదిగా, ఒక్కో ముద్దా, మొత్తం తిన్నారు. ఆయన తన కంచం ముట్టుకోకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నారు. "చాన్నాళ్ళకి ఇంత తిందండి" అని నాతో చెప్పి నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జాలితో ఆడిన అబద్ధం అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాదు. "కాదండి" అంటే ఆయన ముఖం ఎలా మారిపోతుందో చూడలేక, నన్ను నేను కాపాడుకున్నాను. ఆమె ఏం తినాలో నిర్ణయించుకునే హక్కు ఆ ఇద్దరిది. దాన్ని నేను లాక్కున్నాను.

ఆదివారం చర్చిలో అందరూ తప్పులు ఒప్పుకునే ప్రార్థన చదువుతుంటే నేను పుస్తకం మూసేశాను. బయటికొచ్చాక మా ఆవిడ రూతు "ఏంటండి, ఏమైంది?" అని అడిగింది. చెప్పాను. ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని రెండే ముక్కలంది.

"చెప్పెయ్యండి. ఆయన తిడితే పడండి."

చెప్పిన రోజు

మూడు వారాలకి బుధవారం మళ్ళీ వచ్చారు. మా బియ్యం ఇంకా రాలేదు. వాళ్ళు కూర్చోగానే, ఏమీ రాసుకోకముందే చెప్పాను.

"వీర్రాజు గారూ, పోయినసారి మీరు అన్నం గురించి అడిగితే అవునన్నాను. కాదండి. కూరలే మందు లేనివి. బియ్యం మిల్లువి. తెలిసే అబద్ధం చెప్పాను. క్షమించండి."

ఆయన చేతిలో ఫైలు టేబుల్ మీద పెట్టారు. తర్వాత చాలా మెల్లిగా అన్నారు.

"అయితే మళ్ళీ నా చేత్తో నేనే పెట్టానన్నమాట."

ఫైలు తీసుకుని లేచి నిలబడ్డారు. "పదవే, ఎల్దాం" అన్నారు. భూలక్ష్మి గారు లేవలేదు.

"కూర్చోండి. నాకు ఆకలేస్తంది" అన్నారు.

"ఇక్కడొద్దు."

"కూర్చోండి ముందు." ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకున్నారు. "చేలోకి అన్నం పట్టుకురమ్మని మీరేనాడైనా అన్నారా? నేనే తెచ్చాను. వేడన్నం తింటారని. మీ బట్టలు నేను ఉతకనంటే మీరు కొట్టేవారా? ఆ పంటతోనే కదా మనం బతికాం. ఎవర్నడిగి ఇదంతా మీ నెత్తినెత్తుకున్నారు?"

ఆయన కూర్చున్నారు. తలెత్తలేదు.

"నేను తినలేకపోతన్నది ఈ ఆసుపత్రి మందుల వల్లేనని అనుకుంటన్నారు మీరు. కొంత అదే. కానీ మీరు ఎదురుగా తప్పు చేసినోడిలా కూర్చుని, వేరే కంచంలో తింటంటే నాకు ముద్ద దిగట్లేదండి. పోయినసారి మీరు నవ్వారు. అందుకు తిన్నాను." నా వైపు తిరిగి, "ఇద్దరికీ ఒకటే తెండి బాబూ. ఏదైనా సరే" అన్నారు.

వీర్రాజు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. "రెండు మామూలు తెండి" అన్నారు. నేను రాసుకుంటుంటే నా వైపు చూశారు.

"మీ మీద కోపం పోలేదండి."

"పోనక్కర్లేదండి" అన్నాను.

వాళ్ళు భోంచేశారు. మధ్యలో ఆయన తన కంచంలో అప్పడం తీసి ఆమె కంచంలో వేశారు. ఆమె సగం విరిచి తిరిగి ఆయన కంచంలో పెట్టారు.

తర్వాత

జరిగిందంతా సుజాత గారితో చెప్పాను. ఉద్యోగం పోయినా సరే అనుకునే చెప్పాను. ఆవిడ "ఆ 'అడగనివాళ్ళకి చెప్పొద్దు' అన్న మాట నేను అనకుండా ఉండాల్సిందండి" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఒక నల్లబోర్డు తెప్పించి, గుమ్మం పక్కన పెట్టించి, తన చేత్తోనే రాశారు: "ఈరోజు కూరగాయలు, పప్పు మందులు కొట్టనివి. బియ్యం మామూలువి." అది చదివి కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. ఎక్కువమంది చదివి లోపలికొచ్చారు. నేను ఆ హోటల్లో ఉన్నన్నాళ్ళూ ఆ బోర్డు ప్రతి పొద్దునా మారుతూనే ఉంది. "నిజంగానేనా?" అని అడిగేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఏది లేదో మనమే చెబితే, ఏది ఉందో నమ్ముతారు.

శాంతీ, నువ్వు చేరిన చోట యజమాని ఎలాంటివారో నాకు తెలీదు. "అడిగితే చెప్పు" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. అడిగే ఓపిక లేనివాళ్ళూ, అడగడానికి భయపడేవాళ్ళూ నీ ముందే కూర్చుని ఉంటారు. ముందు వాళ్ళకే చెప్పు.

భూలక్ష్మి గారి చికిత్స పూర్తయ్యేదాకా వాళ్ళిద్దరూ వస్తూనే ఉన్నారు. బోర్డు ఆయనే చదివి, ఆమెకి వినిపించి, ఇద్దరూ ఒకటే తినేవారు. ఆమెకి జుట్టు మళ్ళీ వచ్చింది, మొదట్లో చిన్నపిల్లలకి వచ్చినట్టు మెత్తగా. ఆయన అరెకరంలో మందు మానేసి ఇంటికోసం పండించడం మొదలుపెట్టారు. "తెగులొచ్చి సగం పోయిందండి" అని చెప్పారు నవ్వుతూనే. మిగతా పొలంలో మందు కొడుతూనే ఉన్నారు. మానేస్తే ఎలా గడుస్తుంది? అది అడగడానికి నేనెవణ్ణి?

ఒకసారి పరీక్షల కోసం వచ్చినప్పుడు చిన్న గుడ్డసంచిలో బియ్యం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మా అరెకరంలోవండి. మందు కొట్టలేదు. కొట్టలేదని చూపించడానికి నా దగ్గర కాగితాల్లేవు. మీరే నా ముఖం చూసి నమ్మాలి."

నమ్మాను.

నేను కుర్చీలో కూర్చున్న పూట

పని మానేసిన నెలకి రూతుని తీసుకుని ఆ హోటల్‌కే భోజనానికి వెళ్ళాను. అన్నేళ్ళు అక్కడ పనిచేసి, మా ఆవిడని ఒక్కసారి కూడా కూర్చోబెట్టి తినిపించలేదు. ఆమె మంచి చీర కట్టుకుంది. కూర్చున్నాక టేబుల్ మీద గుడ్డ నున్నగా ఉందో లేదో చేత్తో నిమిరి చూసింది.

నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చింది. "ఏం తీసుకుంటారండి?"

"రెండు ఆర్గానిక్ భోజనాలమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి రాసుకోలేదు. రూతు వైపు తిరిగింది. "అమ్మగారూ, మీకేం కావాలండి?"

రూతు నా వైపు చూసింది. మళ్ళీ ఆ అమ్మాయి వైపు చూసింది. "కోడి పలావు ఉందా అమ్మా?" అంది. తర్వాత ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు, "ఈయనకి షుగరు, బీపీ. పన్నెండేళ్ళ నుంచి ఉప్పూ కారం లేకుండా వండుతున్నాను. ఒక్కదానికోసం వేరే ఏం వండుకుంటానని నేనూ అదే తింటున్నాను" అంది.

నా పథ్యం నేనొక్కణ్ణే చేస్తున్నాననుకున్నాను ఇన్నేళ్ళూ. చప్పగా ఉందని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. ఎదురుగా కూర్చుని ఆ చప్పటి కూరే మాట్లాడకుండా తిన్న మనిషిని, నీకు ఏం తినాలని ఉంది అని అడగలేదు. ఊళ్ళోవాళ్ళందర్నీ అడిగాను. అది నా జీతం పని.

పలావు వచ్చింది. రూతు మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకుంది. నేను కాసేపు నా కంచం సంగతి మర్చిపోయి ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

"రూతూ, ఇంకేమైనా తినాలనుందా? ఏం తెప్పించమంటావు?" అన్నాను.

"ఉండండి, తొందరపెట్టకండి. చూసి చెబుతాను" అంది, మెనూ తన వైపు లాక్కుంటూ.